బండలాగుడు పోటీకి ఎడ్ల జతను సిద్ధం చేయడం ఎలా: మొదటిసారి దిగే రైతుకు సమగ్ర మార్గదర్శి

తిరునాళ్ళకు మా జతను తీసుకెళ్ళిన ప్రతిసారీ ఎవరో ఒకరు పక్కకు పిలిచి ఇదే అడుగుతారు. "అన్నా, మా ఇంట్లో మంచి కోడెలు రెండున్నాయి. బండకు కట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" ఫోన్లు కూడా ఇవే. అటు సూర్యాపేట, ఇటు నంద్యాల, పల్నాడు, ఎక్కడి నుంచి చేసినా ప్రశ్న మారదు. ముక్కలు ముక్కలుగా చెబితే సగమే చేరుతోంది. అందుకే మొత్తం ఒకచోట, వరుసలో రాస్తున్నాను.

ఒంగోలు జాతి గొప్పతనం గురించి, పోటీల చరిత్ర గురించి ఇందులో ఏమీ ఉండదు. రెండు పళ్ళ విభాగంలోనో, సేద్యపు విభాగంలోనో మొదటిసారి దిగేవాళ్ళు ఏం చేయాలో, ఏ వరుసలో చేయాలో, అదే ఉంటుంది.

ఒక్క విషయం ముందే చెప్పాలి. కర్ర దెబ్బకు లాగే జత రెండు రౌండ్లు లాగి ఆగిపోతుంది. కొట్టంలో కుదిరిన జత చివరి నిమిషం దాకా లాగుతుంది. కింద రాసిన ప్రతి అడుగూ ఈ లెక్క మీదే వేసుకున్నది.

## 1. ముందు పోటీ లెక్క తెలుసుకోండి

పోటీ తీరు సులువుగానే అర్థమవుతుంది. చదును చేసిన కోర్టులో, అంటే పోటీ జరిగే బరిలో, నిర్ణయించిన బరువున్న బండను, నిర్ణయించిన సమయంలో, జత ఎంత దూరం లాగిందో కొలుస్తారు. కోర్టు చివరికి చేరితే ఒక రౌండు, అక్కడ జతను తిప్పి మళ్ళీ లాగించాలి. చివర్లో పూర్తయిన రౌండ్లు, మిగిలిన అడుగులు, అంగుళాలు కలిపి లెక్క వేస్తారు.

ఉదాహరణకు కోర్టు పొడవు 250 అడుగులు అనుకుందాం. మీ జత 9 రౌండ్లు పూర్తి చేసి, పదో రౌండులో 112 అడుగుల 6 అంగుళాలు లాగితే మొత్తం 2,362 అడుగుల 6 అంగుళాలు. అంగుళాల తేడాతో స్థానం పోయినవాళ్ళను చూశాను కాబట్టి చివరి అడుగును తేలిగ్గా తీసుకోవద్దు.

విభాగాలు ఎక్కువగా పళ్ళను బట్టి, అంటే వయసును బట్టి ఉంటాయి: పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు. ఆపైన సబ్ జూనియర్, జూనియర్, సీనియర్. చాలాచోట్ల సేద్యపు విభాగం వేరుగా పెడతారు. పెద్ద విభాగాల్లో బండ టన్ను దాటుతుంది.

బండ బరువు, సమయం, కోర్టు పొడవు ఊరూరికీ మారతాయి. పేరు ఇచ్చే ముందు కమిటీని ఇవి అడిగి రాసుకోండి:

- మన విభాగానికి బండ బరువు ఎంత?
- సమయం ఎన్ని నిమిషాలు? మలుపు దగ్గర గడియారం ఆపుతారా?
- కోర్టు పొడవు ఎంత? నేల ఎలాంటిది: ఇసుకా, ఎర్రమట్టా, నల్లరేగడా?
- జత వెంట ఎంతమంది ఉండొచ్చు?
- కాడి, గొలుసు ఎవరివి వాడాలి, మనవా, వాళ్ళవా?
- పళ్ళు ఎవరు చూస్తారు, ఏ రోజు చూస్తారు?
- ఏయే తప్పులకు జతను పక్కన పెడతారు?

## 2. అనుమతి చూడకుండా ఎంట్రీ కట్టొద్దు

2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టు, ఎడ్ల పందేలను నిషేధిస్తూ తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తమ చట్టాలు సవరించుకున్నాయి. 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణలు చెల్లుతాయని చెప్పింది. అవి ఆ మూడు రాష్ట్రాల సవరణలు. కాబట్టి మన దగ్గర ఏ పోటీకైనా అధికారుల అనుమతి కాగితం ఉందా అని కమిటీని మొహమాటం లేకుండా అడగండి. కాగితం చూపించలేకపోతే ఆ పోటీ వదిలేయండి.

జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం 1960 నుంచి అమల్లో ఉంది. బరువు లాగే పశువుల కోసం 1965లో వేరే నిబంధనలు కూడా వచ్చాయి. ముల్లుగర్ర, ముళ్ళున్న కాడి వాడకూడదు. ఎండ 37 డిగ్రీల సెల్సియస్ దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల మధ్య పశువుతో బరువు లాగించకూడదు. ఉగాది, శ్రీరామనవమి పోటీలకు వెళ్ళేవాళ్ళు ఈ గంటలు బాగా గుర్తుపెట్టుకోవాలి. మీ వంతు మిట్టమధ్యాహ్నం వస్తే సమయం మార్చమని అడగండి. మార్చకపోతే జతను వెనక్కి తోలుకొచ్చేయండి.

## 3. జత కుదర్చడం

ఎక్కువమంది పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. బలమైన గిత్త ఒకటి దొరికితే చాలనుకుని, దాని పక్కన దొరికిన దాన్ని కట్టేస్తారు. బండ లాగేది మాత్రం రెండింట్లో బలహీనమైన దాని ఓపిక మేరకే.

రెండింటినీ చదునైన చోట పక్కపక్కన నిలబెట్టి ఇవి చూడండి.

ఎత్తు. మూపురం దగ్గర తేడా రెండు అంగుళాలు మించితే కాడి వాలుతుంది. కాడి వాలిన వైపు ఎద్దు మెడ ముందుగా అలసిపోతుంది.

బరువు. కాటా దొరక్కపోతే టేపు చాలు. ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో తీసుకోండి. భుజం ఎముక కొన నుంచి తోక పక్క ఎముక దాకా పొడవు తీసుకోండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో హెచ్చవేసి, దాన్ని పొడవుతో హెచ్చవేసి, 660తో భాగిస్తే కిలోల్లో సుమారు బరువు వస్తుంది. చుట్టుకొలత 80, పొడవు 62 అంగుళాలు ఉంటే 601 కిలోలు. రెండింటి మధ్య యాభై కిలోలకు మించి తేడా వద్దు.

నడక. ఇది అన్నిటికన్నా ముఖ్యం. రెండింటినీ విడివిడిగా వంద అడుగులు నడిపించి అడుగులు లెక్కపెట్టండి. ఒకటి పొడుగు అడుగు, ఇంకొకటి పొట్టి అడుగు వేసేదైతే కాడి కింద ఎప్పుడూ ఒకటి ముందుంటుంది. ఎంత మేపినా ఆ తేడా పోదు.

గుణం. ఒకటి ఉడుకుది, ఒకటి నిదానమైనది అయితే ఫర్వాలేదు, ఒకదాన్ని చూసి ఒకటి సర్దుకుంటాయి. రెండూ ఉడుకువైతే కొత్తవాళ్ళకు వద్దు.

వలపల, దాపల. ఏది కుడి పక్కన నిలబడాలో, ఏది ఎడమ పక్కన నిలబడాలో మీరు తేల్చొద్దు, వాటినే తేల్చనివ్వండి. వారం రోజులు అటూ ఇటూ మార్చి కట్టండి. తల నిటారుగా పెట్టి, పక్కదాన్ని నెట్టకుండా ఏ వైపు నడుస్తుందో ఆ వైపే దానిది. ఒకసారి తేలాక ఇక మార్చొద్దు. కొట్టంలో కూడా అదే వరుసలో కట్టేయండి.

మా నాన్న కొత్త కోడెలు కొన్న మొదటి నెల కాడి ముట్టనిచ్చేవాడు కాదు. "ముందు ఒక గాట్లో మేత తిననియ్యిరా, పోట్లాడుకోకుండా తింటే అప్పుడు చూద్దాం" అనేవాడు. ఇన్నేళ్ళలో దీనికన్నా మంచి పరీక్ష నాకు కనపడలేదు.

## 4. పళ్ళు, ఒళ్ళు చూపించడం

పశువుకు ముందు పళ్ళు కింది దవడకే ఉంటాయి, మొత్తం ఎనిమిది. పాలపళ్ళు రాలి పెద్ద పళ్ళు జతలు జతలుగా వస్తాయి. రెండు నుంచి రెండున్నర ఏళ్ళకు మొదటి జత, మూడేళ్ళ చుట్టుపక్కల రెండోది, మూడున్నర నుంచి నాలుగేళ్ళకు మూడోది, ఆపైన నాలుగోది. మేతను బట్టి కొన్ని నెలలు అటూ ఇటూ అవుతుంది.

పోటీకి నెల ముందు ఒకసారి, వారం ముందు ఇంకోసారి పళ్ళు చూసుకోండి. రెండు పళ్ళ విభాగానికి పేరిచ్చాక మూడో పన్ను చిగురు తోసుకొస్తే గొడవే. అనుమానం ఉంటే ముందే కమిటీకి చెప్పండి.

పాలపళ్ళ విభాగం ఉంది కదా అని దిగమని నేను ఎవరికీ చెప్పను. ఆ వయసులో ఎముక, కీలు ఇంకా ముదరవు. ఏడాది ఆగితే పోయేదేమీ లేదు.

సాధన మొదలుపెట్టే ముందు పశువైద్యుడికి చూపించి ఇవి పూర్తి చేయండి:

- గాలికుంటు టీకా (ఆరు నెలలకోసారి), గొంతువాపు టీకా. పోటీకి కనీసం మూడు వారాల ముందే వేయించాలి
- నట్టల మందు
- గిట్టలు, కీళ్ళు, మెడ తడిమి చూడటం
- పిడుదులు, గోమార్లు లేకుండా చేయడం

1962కు ఫోన్ చేస్తే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఆ నంబరు జత వెంట ఉండే ప్రతి మనిషి ఫోన్లోనూ ఉండాలి.

## 5. మేత

"ఏం పెడుతున్నావన్నా?" అని అందరూ రహస్యం అడిగినట్టు అడుగుతారు. రహస్యమేమీ లేదు. ఏం పెట్టామన్నదాని కన్నా ఎంత నిదానంగా పెంచామన్నది ముఖ్యం.

ఐదు వందల కిలోల గిత్త రోజుకు పది నుంచి పన్నెండున్నర కిలోల ఎండు మేతకు సరిపడా తింటుంది. అందులో మూడింట రెండు వంతులు జొన్నచొప్ప, పచ్చిగడ్డి, వరిగడ్డి లాంటి పీచు మేతే ఉండాలి. దాణా మిగిలిన వంతులోనే.

సాధన రోజుల్లో ఒక్కో గిత్తకు మేం పెట్టే దాణా:

- నానబెట్టి మెత్తగా ఉడికించిన ఉలవలు: కిలో నుంచి కిలోన్నర (నానబెట్టక ముందు తూకం)
- తవుడు: కిలో
- పత్తి గింజలు: అర కిలో నుంచి కిలో
- వేరుశనగ చెక్క: అర కిలో
- ఖనిజ లవణ మిశ్రమం: 50 గ్రాములు
- ఉప్పు: 30 నుంచి 50 గ్రాములు

రెండు పూటలుగా పంచి పెట్టండి. కాడి దించిన వెంటనే దాణా వద్దు. ఊపిరి కుదురుకుని, నీళ్ళు తాగి, గంట గడిచాక పెట్టాలి.

కొత్త దాణాను ఒక్కసారిగా పెట్టొద్దు. రెండు మూడు రోజులకోసారి పావు కిలో చొప్పున పెంచుతూ పూర్తి మోతాదుకు రావడానికి రెండు వారాలు పైగా తీసుకోండి. గింజ ఒక్కసారిగా ఎక్కువైతే కడుపులో పులుపు పెరుగుతుంది. నెమరు ఆగిపోతుంది, పేడ పలచబడి పుల్లటి వాసన కొడుతుంది, పశువు నిలబడలేకపోతుంది. ఒక్కోసారి ప్రాణమే పోతుంది.

నేను ఈ తప్పు చేశాను. మొదటి పోటీకి పది రోజులుందనగా టెన్షన్ పడి ఉలవలు రెట్టింపు చేశాను. మూడో రోజు పొద్దున దాపల గిత్త గాటి దగ్గర తల వాల్చి నిలబడింది. నెమరు లేదు. డాక్టరు వచ్చి నిలబెట్టాడు కానీ ఆ పోటీ పోయింది. అంతకన్నా, ఆ గిత్త మళ్ళీ మేత మీద మనసు పెట్టడానికి నెల పట్టింది. నా తొందరకు అది కష్టపడింది. ఆ రోజు నుంచి దాణా తూకం వేయకుండా పెట్టలేదు.

ఇంకొన్ని జాగ్రత్తలు:

- బూజు పట్టిన వేరుశనగ చెక్క కొంచెమైనా పెట్టొద్దు, అది విషం.
- లేత జొన్న, కోసిన మోడుకు వచ్చిన పిలకలు, వానల్లేక వాడిన జొన్న పచ్చిగా మేపొద్దు. వాటితో పశువు నిమిషాల్లో పడిపోవచ్చు.
- ఎండాకాలం ఒక్కో గిత్తకు రోజుకు యాభై, అరవై లీటర్ల నీళ్ళు పడతాయి. తొట్టి ఎప్పుడూ నిండుగా ఉంచండి.
- సారా, నొప్పి తెలియనీయని సూదిమందులు, బలం మందులు వద్దే వద్దు. నొప్పి తెలియని ఎద్దు కాలు విరిగేదాకా లాగుతుంది.

## 6. కాడి, గొలుసు, నాడాలు

కాడి మూపురానికి ముందు, మెడ మీద సమంగా ఆనాలి. ఆనేచోట చేత్తో తడిమి చూడండి. గరుకు, పగులు, మేకు మొన తగిలితే చిత్రిక పట్టించండి. కొత్త కాడిని నేరుగా పోటీకి తీసుకెళ్ళొద్దు, దాని మీద కనీసం నెల రోజులు సాధన జరగాలి.

కాడి దించిన ప్రతిసారీ మెడ చూడండి. వెంట్రుక రాలి ఎర్రబడితే ఆ రోజుతో ఆపేయాలి. తోలు చిట్లిందంటే మానేదాకా కాడి పెట్టొద్దు. మెడ పుండు మీద కాడి మోపిన ఎద్దు ఆ బాధను మర్చిపోదు, తర్వాత కాడి కనపడితేనే వెనక్కి జరుగుతుంది.

గొలుసు కాడికి ఎక్కడ కట్టారన్నది చూడండి. సరిగ్గా నడుమ కడితే బరువు రెండింటి మీదా సమంగా పడుతుంది. కట్టు ఏ వైపుకు జరిగితే ఆ వైపు ఎద్దు మీద బరువు పెరుగుతుంది. జతలో ఒకటి కాస్త బలహీనమైతే కట్టును బలమైన దాని వైపు ఒక అంగుళం జరిపితే సర్దుకుంటుంది. కమిటీ ఒప్పుకుంటేనే చేయాలి.

గొలుసు పొట్టిదైతే బండ ముందు అంచు కాస్త పైకి లేచి తేలిగ్గా కదులుతుంది కానీ మెడ మీద బరువు పెరుగుతుంది. పొడుగుదైతే మెడకు హాయి, బండకు నేల రాపిడి ఎక్కువ. పోటీలో ఏ పొడవు ఇస్తారో కనుక్కుని ఇంట్లో కూడా అదే పొడవుతో సాధన చేయించండి.

నాడాలు కొట్టించేది పోటీకి పది, పన్నెండు రోజుల ముందు. మేకు లోతుకు దిగి కుంటితే సరిచేసుకోవడానికి ఆ మాత్రం గడువు కావాలి.

## 7. మూడు నెలల సాధన

పొద్దున 6 నుంచి 8 లోపు, లేదా సాయంత్రం 5 తర్వాత మాత్రమే. వారానికి రెండు రోజులు పూర్తి విశ్రాంతి.

1 నుంచి 3 వారాలు. బండ లేదు. రోజూ నాలుగైదు కిలోమీటర్ల నడక, తర్వాత ఖాళీ బండికి కట్టి కాసేపు తిప్పడం. సేద్యం పని ఉంటే గుంటకకు కట్టండి, అంతకన్నా మంచి సాధన లేదు.

4 నుంచి 6 వారాలు. పోటీ బరువులో మూడో వంతు బండ. వంద అడుగులు లాగించి ఆపండి, రెండు నిమిషాలు ఊపిరి తీసుకోనివ్వండి. ఇలా ఐదారు సార్లు చాలు.

7 నుంచి 10 వారాలు. సగం నుంచి మూడింట రెండు వంతుల బరువు. మలుపులు ఇప్పుడే నేర్పాలి, కుడికీ ఎడమకీ రెండు వైపులా. వారంలో ఒక్క రోజు పూర్తి బరువుతో యాభై అడుగులు.

11వ వారం. ఒకే ఒక్కసారి పూర్తి బరువుతో, పోటీ సమయంలో సగం సేపు లాగించి చూడండి. అడుగులు కొలిచి రాసుకోండి.

12వ వారం. బండ ముట్టొద్దు. పొద్దున, సాయంత్రం నడక మాత్రమే.

ఏ రోజు సాధన అయినా జత ఇంకా లాగగలదు అనిపించినప్పుడే ఆపాలి. లాగలేక ఆగిపోయాక కాడి దించితే "ఆగితే దించుతారు" అని ఎద్దు నేర్చుకుంటుంది. మొరాయించే గిత్తల్లో సగం ఇలా మనం నేర్పినవే.

కాడి దించాక ఒళ్ళంతా చేత్తో రుద్దండి. పేరు పెట్టి పిలవండి. కోర్టులో వేలమంది కేకల్లో అవి పట్టుకునేది అలవాటైన ఆ ఒక్క గొంతునే.

## 8. చప్పుడు, జనం, తోలేవాళ్ళు

పల్లెలో పెరిగిన కోడెకు మైకు, డప్పు, టపాసులు కొత్త. బెదిరిందంటే మూడు నెలల కష్టం మూడు నిమిషాల్లో పోతుంది. ఏడో వారం నుంచి సాధన చోట డప్పు కొట్టించండి. దూరం నుంచి మొదలుపెట్టి రోజురోజుకీ దగ్గరకు రండి. ఫోనుకు స్పీకరు తగిలించి పోటీల గోల వినిపించినా పనికొస్తుంది. ఒకసారి ఊళ్ళో జాతరకు ఊరికే తోలుకెళ్ళి, చుట్టూ తిప్పి తీసుకురండి.

తోలే మనుషులు కూడా ముందునుంచీ మారకుండా వాళ్ళే ఉండాలి. అదిలించే మాట ఒకటే ఉండాలి, ఒకడు "హై" అని, ఇంకొకడు "పద పద" అని అరిస్తే పశువు ఎవరి మాట వినాలి? ఒకరు ముందు, ఇద్దరు పక్కల, ఒకరు గొలుసు దగ్గర, అని ముందే పంచుకోండి. తోక మెలిపెట్టేవాణ్ణి, కొరికేవాణ్ణి, కోపం ఆపుకోలేని వాణ్ణి సొంత బామ్మర్దయినా సరే కోర్టులోకి తీసుకెళ్ళొద్దు.

## 9. ప్రయాణం

పోటీకి కనీసం ఒక రోజు ముందు చేరండి. దూరం 200 కిలోమీటర్లు దాటితే రెండు రోజులు.

పశువులను తరలించడానికి 1978 నిబంధనలున్నాయి. పశువైద్యుడు ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం వెంట ఉండాలి. బండిలో పశువులు ఇంజను వైపు తిరిగి నిలబడాలి. వెనక్కి తిప్పి కట్టడం కొందరికి అలవాటు, మానుకోండి.

లారీ అడుగున ఆరంగుళాల మందం ఇసుక, దాని మీద వరిగడ్డి పరవండి. పలుపు మరీ పొట్టిగా కట్టొద్దు, తల ఆడించుకునేంత వదలాలి. మూడు గంటలకోసారి ఆపి నీళ్ళు పెట్టండి. వీలైతే రాత్రి ప్రయాణం మంచిది.

వెంట తీసుకెళ్ళాల్సినవి:

- నాలుగు రోజుల మేత, దాణా ఇంటి నుంచే. కొత్త ఊరి మేత వద్దు
- ఇంటి నీళ్ళు ఒక డ్రమ్ము (కొత్త నీళ్ళు ముట్టకపోతే కలిపి పెట్టడానికి)
- అదనంగా రెండు పలుపులు, రెండు ముక్కుతాళ్ళు, పగ్గాలు
- నాడాలు, మేకులు, సుత్తి
- గోనె పట్టాలు, బకెట్లు, మగ్గులు
- థర్మామీటరు, పసుపు, వేపనూనె, డాక్టరు రాసిచ్చిన మందులు
- ధ్రువపత్రాలు, టీకాల కాగితం, ఆధార్ జిరాక్సు
- రాత్రి కాపలాకు టార్చిలైటు

## 10. పోటీ రోజు

చీటీలు తీశాక వంతు తెలుస్తుంది. దాన్నిబట్టి ఇలా నడవండి.

వంతుకు ఐదు గంటల ముందు. చివరి దాణా, అదీ మామూలులో సగం. తర్వాత కొంచెం చొప్ప.

రెండు గంటల ముందు. నీళ్ళు తాగించడం పూర్తి చేయండి. కడుపు నిండా నీళ్ళతో కాడి కింద నిలబెట్టొద్దు.

గంట ముందు. మీరు వెళ్ళి కోర్టులో ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చెప్పుల్లేకుండా నడవండి. మెత్తటి చోటు, గుంట, రాయి ఎక్కడున్నాయో పాదానికి తెలుస్తుంది. ముందు జతలు లాగిన గాడిలో బండ తేలిగ్గా పోతోందా, కూరుకుపోతోందా గమనించండి.

అరగంట ముందు. నీడలో నిదానంగా పావుగంట నడిపించి ఒళ్ళు వేడెక్కించండి. చల్లటి ఒంటితో బండకు కడితే కండ పట్టేస్తుంది.

పది నిమిషాల ముందు. ఒంటి వేడి చూడండి. 101, 102 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంటే మామూలే. 103 దాటితే పేరు వెనక్కి తీసుకోండి. ఎంట్రీ ఫీజు పోతుంది, పోనివ్వండి.

## 11. కోర్టులో

ఆగిన బండను కదిలించడానికి పట్టే బలం, కదులుతున్న బండను లాగడానికి అక్కర్లేదు. కోర్టులో చేసే పనంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మొదటి ఊపు: గొలుసు బిగిసేదాకా జతను మెల్లగా ముందుకు నడిపించి ఒక్క క్షణం నిలపండి. రెండింటి ముందుకాళ్ళు ఒక వరుసలో ఉన్నాయా చూసుకుని అప్పుడు అదిలించండి. గొలుసు వదులుగా ఉండగా దూకిస్తే మెడ మీద దెబ్బలా పడుతుంది.

మొదటి రెండు రౌండ్లు పరుగెత్తించొద్దు. జనం కేకలకు మనకే ఒళ్ళు పొంగుతుంది, అక్కడే మోసపోతాం. సాధనలో రాసుకున్న వేగమే పట్టుకోండి. ఒకరు గడియారం చూస్తూ ప్రతి రౌండుకూ ఎంత పట్టిందో గట్టిగా చెప్పాలి.

మలుపు దగ్గర తొందర వద్దు. బయటి వైపు ఎద్దు ఎక్కువ దూరం తిరగాలి కాబట్టి లోపలి దాన్ని కాస్త నిలిపి, బయటిదాన్ని ముందు కదిలించండి. తిరిగాక మళ్ళీ కాళ్ళ వరుస, గొలుసు బిగువు చూసుకునే కదలాలి. రౌండుకు ఐదు సెకన్లు ఇక్కడ పోయినా లాభమే.

ఊపిరికి ఆపాల్సి వస్తే గట్టి నేల మీద ఆపండి. మెత్తటి చోట ఆగిన బండ కూరుకుపోతుంది.

కిందివాటిలో ఏది కనిపించినా వెంటనే ఆపి కాడి దించాలి:

- నాలుక బయటపెట్టి రొప్పడం, నురగ కారడం
- కాళ్ళు వణకడం, తూలడం
- కుంటడం
- మోకాళ్ళ మీద పడి వెంటనే లేవకపోవడం

దించాక నీడకు తీసుకెళ్ళి తల మీద, మెడ మీద, కాళ్ళ మీద చల్లటి నీళ్ళు పోస్తూ ఉండండి. తాగడానికి కొద్దికొద్దిగా ఇవ్వండి. పది నిమిషాల్లో కుదురుకోకపోతే కోర్టు దగ్గరున్న డాక్టరును పిలవండి.

## 12. తరచూ జరిగే తప్పులు, సర్దుబాట్లు

ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి లాగుతోంది. మొదట గొలుసు కట్టు చూడండి. అది సరిగ్గా ఉంటే రెండు వారాలు బండ మానేసి ఖాళీ కాడితో నడకకు తిరిగి వెళ్ళండి. అప్పటికీ అలాగే ఉంటే అది జత కాదు.

కాడి కనపడితే వెనక్కి జరుగుతోంది. మెడ నొప్పి ఉందేమో చూడండి. లేకపోతే వారం పాటు కాడి దగ్గరే దాణా పెట్టండి, మెడ మీద మోపొద్దు.

మొదటి రౌండు అదిరింది, మూడో రౌండుకు ఆగింది. సాధనలో బరువు ఎక్కువ, దూరం తక్కువ అయ్యింది. బరువు తగ్గించి ఎక్కువసేపు లాగించండి.

కొత్త ఊళ్ళో మేత ముట్టడం లేదు. ఒకరోజు ముందు చేరమన్నది ఇందుకే. ఇంటి గోనెపట్టా ముందు పరిచి, దాని మీద ఇంటి చొప్ప వేయండి. రెండూ ఒకదాన్నొకటి చూసుకునేలా కట్టేయండి.

ఎప్పుడూ ఒకే వైపు పక్కకు లాగేస్తోంది. ఆ వైపు గిట్ట, నాడా చూడండి. చాలాసార్లు మేకే కారణం.

## 13. ఇంటికి వచ్చాక

మొదటి రోజు కాడి లేదు, దాణా సగం, పచ్చిగడ్డి కడుపునిండా. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, మెడ, భుజాలు, మోకాళ్ళు తడిమి వాపు చూడండి. రెండో రోజు నుంచి పొద్దునే రెండు కిలోమీటర్ల నడక. దాణా నాలుగైదు రోజుల్లో మెల్లగా పాత మోతాదుకు తెండి.

మూడు వారాలు దాటకుండా ఇంకో పోటీకి పేరివ్వొద్దు. శివరాత్రికి ఒకచోట, వారానికి ఇంకోచోట, ఉగాదికి మరోచోట అని తిప్పితే ఏడాది తిరిగేసరికి కీళ్ళు పోతాయి.

ఒక నోటుపుస్తకం పెట్టుకుని తేదీ, ఊరు, బండ బరువు, నేల, ఎండ, రౌండ్ల వారీ సమయం, మొత్తం అడుగులు, ఎక్కడ ఆగిందీ, మెడ ఎలా ఉందీ ఆ రాత్రే రాయండి. తెల్లారితే సగం మర్చిపోతాం. నాలుగు పోటీల రాతలు పక్కపక్కన పెట్టి చూస్తే మీ జతకు ఇసుక పడుతుందా, ఎర్రమట్టి పడుతుందా, పొద్దుటి వంతు మేలా, సాయంత్రం వంతు మేలా అన్నది ఎవరినీ అడగకుండానే తేలిపోతుంది.